లోడు లేకుండా తిరిగిన చక్రం: ఫెరాంటి సంస్థ చరిత్ర

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, శ్రమ తీసుకుని ఇంత దూరం వచ్చిన మిత్రులందరికీ నమస్కారం.

నా ముందున్న బల్ల మీద ఒక పాత కరెంటు మీటరు ఉంది. వెనక వరసల్లో కూర్చున్నవారికి సరిగా కనిపించకపోవచ్చు కనుక ముందు అదేమిటో చెబుతాను. నల్లరంగు ఇనుప పెట్టె, దానికి ముందువైపు ఒక గాజు కిటికీ, ఆ కిటికీ వెనక అడ్డంగా అమర్చిన పలుచని అల్యూమినియం చక్రం. చక్రం అంచున ఒక గుర్తు ఉంటుంది. అది ఎన్నిసార్లు కిటికీ ముందుకు వచ్చిందో లెక్కపెట్టి ఎంత కరెంటు కాలిందో చెప్పవచ్చు. పెట్టె మీది పలకపై తయారీదారు పేరు ఉంది: ఫెరాంటి. చాలా ఏళ్ల క్రితం ఒక పాత సామాన్ల కొట్టులో తుక్కు కింద పడి ఉంటే కొని ఇంటికి తెచ్చుకున్నాను. ఎంఆర్‌టీ విభాగంలో, అంటే మీటర్లను, రిలేలను పరీక్షించే విభాగంలో, ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని కావడం వల్ల దానిని అక్కడే వదిలి రావడానికి మనసొప్పలేదు.

ఈ చక్రాన్ని దగ్గరగా చూస్తే, మధ్య ఇరుసుకు అటూ ఇటూ ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. ఇంట్లో దీపాలు, ఫ్యాన్లు అన్నీ ఆపేసిన తరువాత కూడా, లైనులో వోల్టేజి ఉన్నంతసేపు ఈ రకం మీటర్లలో చక్రం తనంతట తాను మెల్లగా పాకుతూ తిరిగే ప్రమాదం ఉంటుంది. మా వృత్తిలో దీనిని క్రీపింగ్ అంటాం. కాలని కరెంటుకు యూనిట్లు పడటం అన్నమాట. దాన్ని అరికట్టడానికే ఆ రంధ్రాలు. వోల్టేజి చుట్ట ఉన్న ఇనుప ధ్రువం కిందికి రంధ్రం రాగానే చక్రాన్ని నడిపే బలం చెదిరిపోయి చక్రం అక్కడే నిలిచిపోతుంది. పరీక్ష కూడా చాలా సులువు. లోడు, అంటే కరెంటు వాడుకునే దీపాలు, ఫ్యాన్ల లాంటివి, పూర్తిగా తీసేసి, వోల్టేజిని మామూలు కన్నా కాస్త పెంచి, చక్రం ఒక పూర్తి చుట్టు తిరగకుండా ఆగుతుందా లేదా అని కనిపెట్టుకుని కూర్చోవడమే.

ఈ మీటరు తయారు చేసిన సంస్థ వందేళ్లకు పైగా బతికింది. విద్యుత్ కేంద్రాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, కంప్యూటర్లు, క్షిపణి నియంత్రణ పరికరాలు, యుద్ధవిమానాల రాడార్లు తయారు చేసింది. 1987లో అది ఒక అమెరికన్ సంస్థను కొన్నది. ఆ అమెరికన్ సంస్థ లెక్కల్లో చక్రం లోడు లేకుండానే తిరుగుతోంది. ఆ సంగతి బయటపడేసరికి రెండేళ్లు గడిచిపోయాయి, మరో నాలుగేళ్లకు ఫెరాంటి సంస్థే లేకుండా పోయింది. ఈ సభలో విద్యుత్ ఇంజనీర్లతో పాటు అకౌంటెన్సీ చదువుతున్న విద్యార్థులు కూడా ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మీ ఇద్దరికీ సమానంగా చెందిన కథ ఇది. అందుకే ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

సంస్థాపకుడి పూర్తి పేరు సెబాస్టియన్ జియాని డి ఫెరాంటి. ఇటాలియన్ మూలాలున్న కుటుంబంలో 1864లో లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రి ఫోటోగ్రాఫరు, తల్లి పియానో కచేరీలు చేసిన విద్వాంసురాలు. పదిహేడేళ్లకే సీమెన్స్ కార్ఖానాలో పనికి చేరాడు. 1882లో, ఇంకా ఇరవయ్యేళ్లు నిండకుండానే, థాంప్సన్, ఇన్స్ అనే ఇద్దరు భాగస్వాములతో కలిసి తన డైనమోను అమ్మడానికి కంపెనీ పెట్టాడు. ఆ డైనమో చుట్టల అమరికను తనకన్నా ముందే విలియం థామ్సన్, అంటే తరువాత లార్డ్ కెల్విన్ అయిన మహాశాస్త్రవేత్త, ఊహించి ఉన్నాడని తేలినప్పుడు, ఆయనకు రాయల్టీ చెల్లించే ఒప్పందం చేసుకుని ముందుకు సాగాడు. ఆ తొలి కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. 1885లో మళ్లీ కొత్తగా మొదలుపెట్టిన వ్యాపారమే మనం మాట్లాడుకుంటున్న సంస్థకు మూలం.

మీటరు మీద అతని దృష్టి ఆ రోజుల్లోనే పడింది. కరెంటు అమ్ముడుపోవాలంటే ముందు దానిని కొలవగలగాలి. బియ్యానికి మానిక, పాలకు గిద్దె ఉన్నట్టు కరెంటుకు కూడా ఒక కొలత ఉంటేనే కొనేవాడికి, అమ్మేవాడికి మధ్య నమ్మకం కుదురుతుంది. అప్పట్లో ఎక్కువగా డైరెక్ట్ కరెంటే వాడుకలో ఉండేది. ఫెరాంటి చేసిన తొలి మీటరులో ఒక చిన్న తొట్టిలో పాదరసం ఉంటుంది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న ఆ పాదరసం గుండా కరెంటు ప్రవహించినప్పుడు పాదరసమే సుడి తిరుగుతుంది. ఎంత కరెంటు పోతే అంత వేగంగా తిరిగి, ఆ తిరుగుడు పళ్లచక్రాల ద్వారా ముళ్లకు చేరి అంకెగా మారుతుంది. తరువాతి తరాల మీటర్లలో పాదరసం పోయి ఇదిగో ఈ అల్యూమినియం చక్రం వచ్చింది. పద్ధతి మారినా, ఇంటింటా కొలత యంత్రం అమ్మడమనే వ్యాపారం మాత్రం ఈ సంస్థకు దశాబ్దాల పాటు అన్నం పెట్టింది.

ఫెరాంటికి పేరు తెచ్చింది మాత్రం డెట్‌ఫోర్డ్, అంటే లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున అతను కట్టిన విద్యుత్ కేంద్రం. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. లండన్‌లో న్యూ బాండ్ స్ట్రీట్‌లో గ్రోవ్‌నర్ గ్యాలరీ అనే చిత్రకళా ప్రదర్శనశాల ఉండేది. దాని యజమాని సర్ కౌట్స్ లిండ్సే, బొమ్మలకు మంచి వెలుతురు కోసం జనరేటర్లు పెట్టించుకుంటే, చుట్టుపక్కల వాళ్లు మాకూ కరెంటు ఇవ్వమని అడగడం మొదలుపెట్టారు. ఇళ్ల కప్పుల మీదుగా తీగలు లాగి సరఫరా చేసేవారు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్లను ఒకదాని వెంట ఒకటి వరసగా, అంటే సిరీస్‌లో, కలిపి ఉండటం వల్ల ఒక ఇంట్లో దీపం ఆర్పితే మరో ఇంట్లో వెలుతురు మారిపోయేది. ఈ బాధ తీర్చడానికి పిలిస్తే వచ్చిన ఫెరాంటి, 1886లో ఆ ఏర్పాటునంతా పీకేసి, ట్రాన్స్‌ఫార్మర్లను పక్కపక్కన, అంటే ప్యారలల్‌లో, కలిపాడు. ఈనాడు మన వీధి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మరు కలిపి ఉన్నదీ అదే పద్ధతిలో.

అప్పుడే అతనికి ఇంకో పెద్ద ఆలోచన వచ్చింది. ఊరి నడిబొడ్డున, వీధికొక జనరేటరు పెట్టి పొగ, చప్పుడు భరించడం ఎందుకు? బొగ్గు పడవలు నేరుగా వచ్చే థేమ్స్ ఒడ్డున, నేల చవకగా దొరికే చోట ఒకే పెద్ద కేంద్రం కట్టి, అక్కడి నుంచి కరెంటును నగరానికి పంపకూడదా? అలా పంపాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. తీగలో నష్టం కరెంటు వర్గంతో పెరుగుతుంది కనుక, వోల్టేజిని పది రెట్లు పెంచితే అంతే శక్తిని పదో వంతు కరెంటుతో పంపవచ్చు, నష్టం నూరో వంతుకు పడిపోతుంది. ఈ లెక్క మనకు ఇప్పుడు పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయం. 1887లో, ఇరవై మూడేళ్ల కుర్రవాడు 10,000 వోల్టులు అన్నప్పుడు మాత్రం పెద్ద పెద్ద ఇంజనీర్లు భయపడ్డారు. అంత వోల్టేజిని మోయగల కేబులు అప్పటికి ఎక్కడా అమ్మకానికి లేదు.

అందుకని కేబులును కూడా తానే తయారు చేసుకున్నాడు. ఒక రాగి గొట్టం లోపల మరో రాగి గొట్టం, రెంటి మధ్య ఓజోకరైట్ అనే నల్లని ఖనిజ మైనంలో నానబెట్టిన గోధుమరంగు కాగితం చుట్టలు. 20 అడుగుల ముక్కలుగా చేసి, కొసలను శంఖువులా చెక్కి, ఒకదానిలో ఒకటి దిగేలా బిగించుకుంటూ పోయారు. రోడ్లు తవ్వే అనుమతుల గొడవ లేకుండా, ఎక్కువ భాగం రైలు మార్గాల వెంబడి, రైలు వంతెనల మీదుగా లండన్ లోపలికి తీసుకుపోయారు. ఇది సురక్షితమా అని ప్రభుత్వం తరఫున బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అధికారులు సందేహించినప్పుడు, కరెంటు పోతున్న కేబులు మీద అతని సహాయకుడు ఒట్టి చేత్తో ఉలి పట్టుకుని నిలబడగా, మరొకరు సుత్తితో దానిని లోపలికి దిగగొట్టారు. బయటి గొట్టం భూమి వోల్టేజిలో ఉండటం వల్ల ఉలి పట్టుకున్న మనిషికి ఏమీ కాలేదు. ఆ మనిషి ధైర్యాన్నీ, తన డిజైను మీద ఫెరాంటికి ఉన్న నమ్మకాన్నీ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కాగితమూ మైనమూ కలిపి చేసిన ఆ కేబుల్లో కొన్ని దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేశాయి.

డెట్‌ఫోర్డ్ ఇంజనీరింగ్ విజయమే కానీ, ఆర్థికంగా మొదట్లో బాగా దెబ్బతిన్నది. ప్రభుత్వ విచారణ తరువాత, ఆ కేంద్రాన్ని నడిపిన విద్యుత్ సరఫరా కంపెనీకి హక్కు ఉన్న ప్రాంతం కుదించుకుపోయింది. 1890 నవంబరులో గ్రోవ్‌నర్ గ్యాలరీలోని సబ్‌స్టేషను తగలబడి నెలల తరబడి సరఫరా నిలిచింది. ఖాతాదారులు వేరే కంపెనీలకు వెళ్లిపోయారు. 1891లో ఫెరాంటి ఆ సరఫరా కంపెనీ ఇంజనీరు పదవి నుంచి తప్పుకున్నాడు. ఆ తరువాత అయినా అతని స్వభావం మారలేదు. కొత్త యంత్రం కనిపెట్టాలన్న తపన ముందు నడిచేది, దాని ఖర్చు లెక్క వెనకాల ఎక్కడో వచ్చేది. 1896లో ఫెరాంటి సొంత కార్ఖానాను లండన్ నుంచి ఉత్తరాన, లాంకషైర్‌లోని ఓల్డమ్ పక్కన ఉన్న హాలిన్‌వుడ్‌కు తరలించారు. బట్టల మిల్లుల ప్రాంతం కావడంతో అక్కడ యంత్రాల పని తెలిసిన కార్మికులు దొరికేవారు. 1903లో అప్పులు తీర్చలేక సంస్థ రిసీవర్ల చేతిలోకి వెళ్లింది. అంటే బ్యాంకు తరఫున వచ్చిన వాళ్లు పగ్గాలు పట్టుకున్నారు. ఫెరాంటి పేరు మిగిలింది, మనిషి మిగిలాడు, కానీ డబ్బు మీద అధికారం చాలాకాలం ఇతరుల చేతిలోనే ఉంది. ఈ మాటను గుర్తుపెట్టుకోవలసిందిగా అకౌంటెన్సీ విద్యార్థులను ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే ఈ సంస్థ చరిత్రలో ఇదే పరిస్థితి మళ్లీ మళ్లీ వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో గుండ్లు తయారు చేశారు, యుద్ధం అయ్యాక ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు, రేడియోలు, విద్యుత్ హీటర్లు. 1930లో సంస్థాపకుడు చనిపోయాక ఆయన కుమారుడు విన్సెంట్ బాధ్యత తీసుకుని 1963 దాకా నడిపించాడు. రెండవ ప్రపంచ యుద్ధం ఈ సంస్థ దారిని మార్చింది. 1943లో స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో, క్రూ టోల్ అనే చోట కొత్త ఫ్యాక్టరీ తెరిచారు. అక్కడ తయారైంది విమానాల గైరో గన్‌సైట్. శత్రు విమానం మలుపు తిరుగుతూ పారిపోతున్నప్పుడు తుపాకీని నేరుగా దాని మీదికి గురిపెడితే గుండు తగలదు. అది రాబోయే చోటికి గురిపెట్టాలి. ఎంత ముందుకు అనేది పైలట్ అంచనా మీద ఆధారపడి ఉండేది. గన్‌సైట్‌లోని గైరోస్కోపు తన విమానం ఎంత వేగంగా మలుపు తిరుగుతోందో కొలిచి, గురి బిందువును తగినంత జరిపి చూపుతుంది. ఇదీ ఒక కొలత యంత్రమే. మీటరు చక్రాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా ఇరుసు మీద నిలబెట్టే పనితనమే గైరోస్కోపు తయారీకీ కావాలి కనుక, ఈ మలుపు నాకు చాలా సహజంగా కనిపిస్తుంది.

యుద్ధం తరువాత ఎడిన్‌బరో బృందం విమానాల రాడార్లలో దిగింది. బ్రిటన్ లైట్నింగ్ యుద్ధవిమానానికి రాడారు, బక్కనీర్‌కు మరో రాడారు, లింక్స్ హెలికాప్టరుకు సీస్ప్రే, సీ హారియర్ విమానానికి బ్లూ ఫాక్స్. ఈ చివరి పేరు మనకు సంబంధం లేనిది కాదు. భారత నౌకాదళం 1983 నుంచి సీ హారియర్ విమానాలను సేవలోకి తీసుకుంది; ఐఎన్ఎస్ విక్రాంత్, తరువాత ఐఎన్ఎస్ విరాట్ డెక్కుల మీది నుంచి ఎగిరిన ఆ విమానాల ముక్కులో ఉన్నది క్రూ టోల్‌లో పుట్టిన బ్లూ ఫాక్స్ రాడారే. కొన్నేళ్ల తరువాత వాటిలో కొన్నింటికి ఇజ్రాయెల్ రాడారు అమర్చారు. 2016లో ఆ విమానాలు సేవ నుంచి తప్పుకున్నాయి.

ఇంకోవైపు మాంచెస్టర్‌లో మరో అద్భుతం జరుగుతోంది. విశ్వవిద్యాలయంలో తయారైన ప్రయోగాత్మక కంప్యూటరును మార్కెట్లో అమ్మగలిగే యంత్రంగా మలిచే పని ఫెరాంటికి దక్కింది. 1951 ఫిబ్రవరిలో ఫెరాంటి మార్క్ 1 మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చేరింది. అమ్మకానికి తయారై కొనుగోలుదారుకు అందిన తొలి సర్వసాధారణ కంప్యూటరుగా దానికి చరిత్రలో స్థానం ఉంది. అమెరికాలోని యూనివాక్ కన్నా అది కొన్ని వారాలు ముందు. ఆ యంత్రం మీద పనిచేసిన ప్రోగ్రామర్లలో మేరీ లీ వుడ్స్, కాన్వే బర్నర్స్-లీ ఉన్నారు. వారిద్దరూ అక్కడే పరిచయమై పెళ్లి చేసుకున్నారు. తరువాతి కాలంలో వరల్డ్ వైడ్ వెబ్‌ను రూపొందించిన టిమ్ బర్నర్స్-లీ వారి కుమారుడు. పెగాసస్, మెర్క్యురీ, 1962లో అట్లాస్ వరుసగా వచ్చాయి. అట్లాస్ ఆనాటి ప్రపంచంలో అత్యంత శక్తివంతమైన కంప్యూటర్లలో ఒకటి. అయినా 1963లో ఫెరాంటి తన పెద్ద కంప్యూటర్ల వ్యాపారాన్ని ఐసీటీ అనే కంపెనీకి అమ్మేసింది. గొప్ప యంత్రం తయారు చేయడం ఒకటి, దానిని లాభానికి అమ్మడం ఇంకొకటి. రెండవది వీరికి చేతకాలేదని చెప్పడానికి నాకు బాధగా ఉన్నా, అది నిజం.

ఇప్పుడు బ్లడ్‌హౌండ్ క్షిపణి వ్యవహారానికి వస్తాను. 1950లలో శత్రు బాంబర్లను నేల మీది నుంచి కూల్చడానికి బ్రిటన్ తయారు చేయించిన క్షిపణి ఇది. క్షిపణి శరీరం బ్రిస్టల్ విమాన సంస్థది, దానికి దారి చూపే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఫెరాంటిది. ఒప్పందం స్థిర ధర మీద జరిగింది. పనికి ఎన్ని గంటల శ్రమ పడుతుందో ముందే అంచనా వేసి, దానిమీద పైఖర్చులు, లాభం కలిపి ధర కట్టారు. ఆ అంచనా అసలు పట్టిన శ్రమ కన్నా చాలా ఎక్కువగా ఉంది. అంటే పనికన్నా చాలా పెద్ద ధర కుదిరింది. 1964లో ప్రభుత్వ ఆడిటరు ఆ సంగతి బయటపెట్టాక పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది, సర్ జాన్ లాంగ్ అధ్యక్షతన విచారణ జరిగింది. చివరికి సంస్థ 42.5 లక్షల పౌండ్లు ప్రభుత్వానికి తిరిగి చెల్లించింది. ఫెరాంటి ఇంజనీర్లు సమర్థంగా పని చేశారు కనుకే ఖర్చు తగ్గిందని సంస్థ వాదించింది. ఆ వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ పని ఎంతో, ఖర్చు ఎంతో కొలవడంలో కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఇంత తేడా ఉండటం ఎవరికీ మర్యాద కాదు. ఇదే క్షిపణి రెండవ రూపానికి తయారు చేసిన నియంత్రణ వ్యవస్థలోంచే ఆర్గస్ అనే పరిశ్రమల కంప్యూటరు పుట్టిందన్నది మాత్రం మంచి కబురు.

1974 నాటికి సంస్థ మళ్లీ అంచుకు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ల విభాగం నష్టాల్లో కూరుకుపోయి ఉంది, ధరలు ఆకాశానికి అంటుతున్నాయి, ఇక అప్పు ఇవ్వలేమని బ్యాంకు చెప్పేసింది. అప్పటిదాకా మెజారిటీ వాటాలు డి ఫెరాంటి కుటుంబానివే. సెబాస్టియన్, బాసిల్ అనే అన్నదమ్ములు, సంస్థాపకుడి మనవలు, నడిపిస్తున్నారు. రక్షణ రంగంలో ఇంత ముఖ్యమైన సంస్థను మూతపడనివ్వడం కుదరదని లేబర్ ప్రభుత్వం 1975లో 1.5 కోట్ల పౌండ్లు పెట్టి పెద్ద వాటాదారు అయింది. డెరెక్ అలన్-జోన్స్ అనే మేనేజింగ్ డైరెక్టరు వచ్చారు. ఆయన నడిపిన తొలి పదేళ్లు ఈ సంస్థకు మంచి రోజులని చెప్పాలి. లాభాలు వచ్చాయి, 1978లో షేర్లు మార్కెట్‌కి వచ్చాయి, 1980లో ప్రభుత్వం తన వాటా అమ్మేసుకుంది. ఓల్డమ్‌లో తయారైన ఫెరాంటి చిప్పులు సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ 81, స్పెక్ట్రమ్ అనే చవక గృహ కంప్యూటర్లలోకి వెళ్లి, ఒక తరం పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాయి. సంస్థాపకుడు మొదలుపెట్టిన హాలిన్‌వుడ్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ల పని మాత్రం 1970ల చివరికి ముగిసిపోయింది.

ఇక 1987. రక్షణ కొనుగోళ్లలో బ్రిటిష్ ప్రభుత్వం పోటీ టెండర్లను గట్టిగా అమలు చేస్తోంది, బ్రిటన్‌కే చెందిన జీఈసీ (జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ) లాంటి భారీ సంస్థలు చిన్నవాటిని మింగేస్తున్నాయి. నిలబడాలంటే పెరగాలి, పెరగాలంటే అమెరికా మార్కెట్టు కావాలి అని ఫెరాంటి యాజమాన్యం అనుకుంది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్ పట్టణంలో, ఇంటర్నేషనల్ సిగ్నల్ అండ్ కంట్రోల్ అనే సంస్థ ఉండేది, దాని వ్యవస్థాపకుడు జేమ్స్ గెరిన్. దాని షేర్లు లండన్ మార్కెట్‌లోనే ఉన్నాయి, లాభాలు ఏటా పెరుగుతున్నట్టు కనిపిస్తున్నాయి. సుమారు 42 కోట్ల పౌండ్ల విలువ కట్టి, షేర్లు ఇచ్చి ఆ సంస్థను కలిపేసుకున్నారు. కలిసిన సంస్థకు ఫెరాంటి ఇంటర్నేషనల్ సిగ్నల్ అని పేరు పెట్టారు, గెరిన్ ఉపాధ్యక్షుడయ్యాడు.

ఆ సంస్థ లాభాల్లో పెద్ద భాగం విదేశీ ఆయుధ ఒప్పందాల నుంచి వస్తున్నట్టు లెక్కల్లో ఉంది. వాటిలో పాకిస్తాన్‌కు క్షిపణుల ఒప్పందం అన్నది ఒకటి. రక్షణ ఒప్పందాలు కనుక వాటి వివరాలు రహస్యం, కొనుగోలుదారు ఎవరని గుచ్చిగుచ్చి అడగడానికి వీల్లేదు. నిజానికి ఆ ఒప్పందాల్లో చాలా భాగం కాగితం మీదివే. సంస్థ తన డబ్బునే కొన్ని కంపెనీల ఖాతాల గుండా తిప్పి, అదే డబ్బు వినియోగదారుడి చెల్లింపుగా వెనక్కి వచ్చినట్టు చూపింది. పల్లెలో ఒక వ్యాపారి తన గల్లాపెట్టెలోని డబ్బు తీసి, నలుగురి చేతులు మార్పించి, మళ్లీ అదే పెట్టెలో వేసుకుని అమ్మకం అని చిట్టాలో రాసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. దీనికి తోడు, ఏళ్ల తరబడి నడిచే ఒప్పందాల్లో పని పూర్తికాకముందే, ఎంత శాతం అయిందో అంచనా వేసుకుని అంత లాభం లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంటుంది. అది సక్రమమైన పద్ధతే. కానీ అవతలి వైపు కొనుగోలుదారే లేనప్పుడు ఎంత శాతం అయిందన్న అంకె ఎంత కావాలంటే అంత పెరుగుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది, ముళ్లు కదులుతూనే ఉంటాయి, ఇంట్లో ఒక్క దీపమూ వెలగదు.

ఇలాంటి మోసంలో ఒక బలహీనత ఉంది. అమ్మిన సరుకుకు రావలసిన బాకీ ఏటా కొండలా పెరుగుతుంది, దాన్ని కప్పడానికి మరింత పెద్ద డబ్బు కావాలి. ఫెరాంటి లాంటి పెద్ద, మర్యాదగల సంస్థలో కలిసిపోవడం గెరిన్‌కు ఎందుకు అవసరమైందో ఇక్కడ అర్థమవుతుంది. ఫెరాంటి వైపు నుంచి ఆలోచిస్తే, ఆడిట్ అయిన లెక్కలు ఉన్నాయి, లండన్ మార్కెట్‌లో జాబితా ఉంది, అంతకు మించి తవ్వాలని ఎవరికీ తోచలేదు. ఒక మీటరును బెంచి మీద పెట్టే ముందు సీలు సరిగా ఉందా అని చూస్తాం. కానీ సీలు ఉన్నంతమాత్రాన పరీక్ష మానేయం. అదే ఇక్కడ జరగలేదు. ఒక్క ఒప్పందాన్ని తీసుకుని, దాని లోడు వైపు, అంటే సరుకు ఎక్కడికి వెళ్లింది, ఎవరు సంతకం చేసి తీసుకున్నారు అన్న వైపు, నేరుగా వెళ్లి చూసి ఉంటే సరిపోయేది.

1989లో ఆ విదేశీ బాకీలు వసూలు కాకపోవడంతో అనుమానం మొదలై, సెప్టెంబరులో షేర్ల క్రయవిక్రయాలు నిలిపివేశారు. మోసం విలువ 21.5 కోట్ల పౌండ్లని సంస్థ ప్రకటించింది. గెరిన్ మీద అమెరికాలో కేసు నడిచింది. మోసంతో పాటు దక్షిణాఫ్రికాకు చట్టవిరుద్ధంగా ఆయుధ సామగ్రి పంపిన ఆరోపణలు కూడా ఉన్నాయి. అతను నేరం ఒప్పుకున్నాడు, 1992లో 15 ఏళ్ల జైలుశిక్ష పడింది.

ఈ దెబ్బ సంస్థ మీద ఎలా పడిందో ఒక ఉదాహరణ చెబుతాను. సరిగ్గా అదే సమయంలో బ్రిటన్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్ కలిసి తయారు చేస్తున్న యూరోఫైటర్ విమానానికి రాడారు ఎవరు ఇవ్వాలన్న పోటీ నడుస్తోంది. ఎడిన్‌బరో బృందం నాయకత్వంలో రూపొందుతున్న ఈసీఆర్-90 అనే రాడారు సాంకేతికంగా గట్టి పోటీదారు. కానీ డబ్బు నిలవని సంస్థకు, ముప్ఫై ఏళ్లు ఆధారపడవలసిన రాడారు పని ఎలా అప్పగిస్తామని, ముఖ్యంగా జర్మన్ల వైపు నుంచి, సందేహం వచ్చింది. రాడారులో తప్పు లేదు. దాని వెనక నిలబడవలసిన సంస్థ లెక్కల్లో ఉంది తప్పు. చివరికి 1990 ఆరంభంలో జీఈసీ సుమారు 31 కోట్ల పౌండ్లు ఇచ్చి ఫెరాంటి రక్షణ విభాగాన్ని, అందులోని రాడారు పనితో సహా, కొనుక్కుంది. అదే ఏడాది మే నెలలో ఈసీఆర్-90కి కాంట్రాక్టు దక్కింది. అప్పటికి ఆ రాడారు ఫెరాంటిది కాదు.

విలువైన భాగం అమ్మేసి అప్పులు కొంత తీర్చాక, మిగిలిన ఫెరాంటి మరో మూడేళ్లు ఈడ్చుకొచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి రక్షణ ఖర్చులు తగ్గాయి, మాంద్యం వచ్చింది. ఒక్కో విభాగం అమ్ముకుంటూ నడిపారు. 1993లో జీఈసీ మొత్తం సంస్థకు ఒక షేరుకు ఒక పెన్నీ చొప్పున ఇస్తానని ముందుకు వచ్చి, లెక్కలు దగ్గరగా చూశాక వెనక్కి తగ్గింది. ఆ డిసెంబరులో రిసీవర్లు వచ్చారు. 1903లో రిసీవర్లు వచ్చినప్పుడు సంస్థను బతికించారు. ఈసారి ముక్కలుగా అమ్మారు. ఓల్డమ్, మాంచెస్టర్, ఎడిన్‌బరో ప్రాంతాల్లో రెండు మూడు తరాలుగా అందులోనే పనిచేసిన కుటుంబాలు ఉన్నాయి. తండ్రి వైండింగ్ షాపులో, కూతురు చిప్పుల ఫ్యాక్టరీలో, ఇలా ఊరి జీవితంతో పెనవేసుకున్న సంస్థ అది. వాళ్లలో ఒక్కరు కూడా పాకిస్తాన్ ఒప్పందం గురించి విని ఉండరు.

జీఈసీ కొన్న క్రూ టోల్ పని మాత్రం ఆగలేదు. 1999లో జీఈసీ రక్షణ విభాగాన్ని బ్రిటిష్ ఏరోస్పేస్ కొని బీఏఈ సిస్టమ్స్‌గా మారింది. తరువాత ఎడిన్‌బరో రాడారు విభాగం ఇటలీ సంస్థ చేతుల్లోకి వెళ్లి, ఇప్పుడు లియోనార్డో పేరుతో నడుస్తోంది. యూరోఫైటర్ రాడారు అక్కడే రూపుదిద్దుకుంది. గేటు మీద బోర్డు ఎన్నిసార్లు మారినా, 1943లో గైరో గన్‌సైట్ల కోసం తెరిచిన ఆ చోట ఇప్పటికీ విమానాల రాడార్లే తయారవుతున్నాయి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలు ఉంటే అడగండి. మీటరు చూడాలనుకున్నవారు ఈ బల్ల దగ్గరికి రండి, టార్చి తెచ్చాను. కిటికీలోంచి కాస్త పక్కగా చూస్తే ఆ రెండు రంధ్రాలు కనిపిస్తాయి. గాజు పాతది, మెల్లగా పట్టుకోండి.